ఒక్క మాటకు ఏడు వాకిళ్ళు

నది మొదట్లో వల వేస్తే పెద్ద కథే పడింది. అడ్డం, మూడు గళ్ళు.

చదవగానే కళ్ళ ముందు ఏం కదులుతుందో చూడండి! తెలతెలవారుతున్న గోదావరి. నావ అంచున కాళ్ళు నిలదొక్కుకున్న జాలరి. అతని చేతిలోంచి లేచి, గాలిలో గుండ్రంగా విచ్చుకుని, నీటి మీద సడి లేకుండా వాలే విసురువల. ఆ బొమ్మలో మనసును కాసేపు తేలనివ్వండి, తొందరేమీ లేదు. కాసేపటికి, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు, బొమ్మ కరగడం మొదలవుతుంది. 'నది' అన్న మాటకు మొదట ఉన్నది 'న'. దాని పక్కన కూర్పరి 'వల' వేశాడు. నవల! ఏరు పోయింది, జాలరి పోయాడు, పెద్ద కథ మాత్రం చేతికి చిక్కింది. ఆహా, ఎంత పొందికైన మాయ! అబద్ధం ఒక్కటీ ఆడలేదు, నిజం ఒక్కటీ దాచలేదు. అయినా మనల్ని ఏటి ఒడ్డున నిలబెట్టి మురిపించాడు.

గళ్ళ నుడికట్టులో, అదే క్రాస్‌వర్డ్‌లో, నన్ను ఏళ్ళ తరబడి కట్టిపడేసింది ఇదే. జవాబు ఒక్కటే. ఆ ఒక్కదాని చుట్టూ ఎన్ని వాకిళ్ళు, ఎన్ని ముంగిళ్ళు! "కందుకూరి రాజశేఖర చరిత్ర ఏ ప్రక్రియ?" అని అడిగినా జవాబు నవలే. అది తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి తెలియదు, అంతటితో సరి. జ్ఞాపకం పలుకుతుంది, మనసు పులకించదు. దారి వంపు తిరిగిన చోటే అందం మొదలవుతుంది. నేను మనసుపడి అల్లుకున్న ఆధారాలు కొన్ని మీ ముందు పరుస్తాను. అన్నిటికీ జవాబు నవలే అని ముందే చెప్పేస్తున్నాను. జవాబు తెలిశాక కూడా రుచి తగ్గకపోవడమే వీటిలోని గొప్ప.

"కావ్యంలో పడతి, ఇప్పుడు పుస్తకం." పాత కవులకు నవల అంటే ఆడది, అందగత్తె. మనకు నవల అంటే దిండు పక్కన పెట్టుకుని చదివే పుస్తకం. ఒకే పేరుతో రెండు కాలాలు ఎదురెదురుగా నిలబడి నమస్కరించుకుంటున్నాయి. శ్లేష అనే అలంకారానికి ఇంతకన్నా పొట్టి నిర్వచనం దొరుకుతుందా!

"అభినవ లలనలో దాగిన స్త్రీ." ఈమెను వెతకడానికి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. ఎదురుగానే ఉంది. ముందు మాట చివర 'నవ', తరువాతి మాట తొలిలో 'ల'. రెండు మాటల మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీయే ఆమె మేలిముసుగు. కూర్పరి ఏమీ కప్పలేదు సుమా! చదివే కన్నే తన అలవాటు కొద్దీ ఆగి, తన మీద తానే తెర దించుకుంది. ఆ తెర తొలగిన క్షణాన కలిగే ఆనందంలో కొంచెం సిగ్గు కూడా కలిసి ఉంటుంది.

"కొత్త తీగ కొస తుంచితే పడతి." నవలత చివర 'త'ను గోటితో గిల్లేయండి, నవల నిలబడుతుంది. ఆడదాన్ని తీగతో పోల్చి పోల్చి మన కవులు ఎన్ని పద్యాలు పండించారు! ఆ పరంపర పరిమళమంతా ఈ అయిదు మాటల్లోకి దిగి వచ్చింది. పోలిక చెప్పడం లేదు, తీగ మన కళ్ళెదుటే పడతిగా మారిపోతోంది.

"తడబాటు వలన పుట్టిన పెద్ద కథ." దీన్ని మాత్రం నెమ్మదిగా చప్పరించాలి. ఒక్క తడబాటు నుంచి ఎన్ని కథలు పుట్టలేదు! కన్ను ఆ భావం వెంట పరుగెత్తుతుంది. 'వలన' దగ్గర ఆగదు, ఎందుకు ఆగుతుంది? అది ఉత్త విభక్తి ప్రత్యయం, పంచమి వాకిట నిలబడే పనిమనిషి. ఆ పనిమనిషే ఇక్కడ రాణి! వలన తడబడితే, అక్షరాలు చోట్లు మారితే, నవల. ఎవరూ తలెత్తి చూడని మాటకు సింహాసనం వేసిన ఈ దయకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తెలుగులో ఇలా కలిసిరావడం ఎంత అరుదో ఆలోచించండి. ఇంగ్లీషు కూర్పరికి అచ్చులూ హల్లులూ విడివిడి పూసలు, ఎటు గుచ్చినా గుచ్చుకుంటాయి. మన గడిలో అక్షరం తన గుణింతంతో, తన వత్తుతో నిండుగా కూర్చుంటుంది. 'వ' ఉండవలసిన గడిలో 'వా' ఇమడదు, 'వి' ఒదగదు. ఆ కట్టుబాటు మధ్య న, వ, ల అనే మూడు తేలికైన హ్రస్వాలు కొమ్ము లేకుండా, దీర్ఘం లేకుండా దొరికాయి. ఎటు కదిపినా ఏదో ఒకటి పలుకుతాయి. భాష తన చేతులతో తానే ఇచ్చిన వరమిది!

ఈ రుచి మనకు నిన్న మొన్న అబ్బింది కాదు. దండి కావ్యాదర్శంలో ప్రహేళికలను 16 రకాలుగా విడదీసి చూపించాడు, గోష్ఠుల్లో వినోదానికి అవి పనికివస్తాయన్నాడు. గళ్ళ చట్రం మాత్రం దూరదేశం నుంచి వచ్చింది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ దాన్ని వజ్రాకారంలో అచ్చువేయించాడు. దాన్ని తెలుగువాళ్ళం పరాయిదిగా ఉంచుకోలేదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు అల్లాడు. కవిత్వంలో మాటను మెలితిప్పడం తెలిసిన చేతులే గళ్ళలోనూ దాన్ని మెలితిప్పాయి. ఇంగ్లండులో అబ్జర్వర్ పత్రికకు జిమెనీజ్ పేరుతో ప్రహేళికలు కూర్చిన మక్‌నట్ పాఠకులకు ఇంకో అందమైన పండగ పెట్టాడు. ఒక మాట ఇచ్చి, దానికి మీరే ఆధారం రాసి పంపండి అని పోటీ. జవాబు అందరికీ తెలుసు, దారే ఎవరికి వారు వేసుకోవాలి! ఆయన తరువాత 1972 నుంచి ఎజెడ్ పేరుతో కూర్చిన జొనాథన్ క్రౌథర్ ఆ సంప్రదాయాన్ని నిలబెట్టాడు. ఒకే సమస్యను ఎందరో కవులకిచ్చి, పూరణలు విని తలలూపిన మన సభలకు ఇది ఎంత దగ్గరి చుట్టం!

ఇక రెండే మిగిలాయి. రెండూ గుండెను తాకేవే.

"కలవనని వెనుదిరిగితే నడుమ మిగిలిన కథ." ఎవరు ఎవరిని కలవనన్నారు? ఏ వీధి మలుపులో? వెనుదిరిగిన ఆ మనిషి మళ్ళీ ఒక్కసారైనా చూశారా? ఆధారం ఏమీ చెప్పదు. ఇద్దరి నడుమ మిగిలిపోయిన మౌనం మాత్రం వినిపిస్తుంది. అంతటి విప్రలంభం ఉన్న మాటలను విప్పాలంటేనే చెయ్యి రాదు. విప్పి చూస్తే, 'కలవనని' నడుమ మూడు అక్షరాలు ల, వ, న. వెనుదిరిగితే న, వ, ల! వియోగమంతా అక్షరాల అమరికలోనే ఉంది. అర్థం ఎటు నడిచిందో అక్షరం కూడా అటే నడిచింది.

చివరిది, నాకు అన్నిటికన్నా ప్రాణప్రదమైనది. "నల మధ్యలో వనం మొదలైతే పెద్ద కథే." నిషధరాజు నలుడు పుష్కరుడితో జూదమాడి సర్వం ఓడిపోయాడు. రాజ్యం పోయింది, కట్టుబట్టలతో దమయంతి చెయ్యి పట్టుకుని అడవి దారి పట్టాడు. అక్కడ, నిద్రపోతున్న ఆమె చీరలో సగం చించుకుని, పోలేక పోలేక వెళ్ళిపోయాడు. నలుడి బతుకు మధ్యలో వనం మొదలైంది. నిజంగానే పెద్ద కథే అయింది! ఇప్పుడు అక్షరాల వంక చూడండి. 'నల' మధ్యలో 'వనం' మొదలు, అంటే 'వ'. నవల! కథ చెప్పిన వాక్యమూ, కిటుకు చెప్పిన వాక్యమూ వేరు కావు. పైమాటా లోమాటా ఒక్క ఊపిరిగా పలికాయి. అయ్యో, ఇది ఆధారమా, ఉపాఖ్యానమా!

ఆ నలుడి కథనే హరిశ్చంద్రుడి కథతో కలిపి, ప్రతి పద్యమూ ఇద్దరికీ చెల్లేలా రామరాజభూషణుడు హరిశ్చంద్రనలోపాఖ్యానం రచించాడు. పింగళి సూరన రాఘవపాండవీయంలో రామాయణ భారతాలను ఒకే పద్యాల్లో నడిపించాడు. ద్వ్యర్థికావ్యంలో ఒక్క మాట వరసలోంచి రెండు కథలు విచ్చుకుంటాయి. నుడికట్టులో ఏడు కథలు వచ్చి ఒక్క మాటలో ముకుళిస్తాయి. నడక దిక్కు వేరు, మాట మీద మమకారం ఒక్కటే.

గమ్యం ముందే నిర్ణయమైన చోట ఇంత స్వేచ్ఛ ఎలా వచ్చిందని నాకెప్పుడూ ఆశ్చర్యమే. మూడు గళ్ళు, మూడు అక్షరాలు, ఒక గుణింతం కూడా అటూ ఇటూ జరగడానికి వీల్లేదు. ఆ బిగువు వల్లనే ఊహ ఇన్ని వేషాలు కట్టగలిగింది. హరికథకు వెళ్ళేవాళ్ళకు దమయంతికి నలుడు దొరుకుతాడని తెలియదా? తెలిసే వెళతారు, ఎలా దొరుకుతాడో ఈ దాసుగారి గొంతులో వినడానికి వెళతారు. మంచి ఆధారాన్నీ అలాగే, జవాబు గడిలో రాసేశాక మళ్ళీ మొదటినుంచి చదువుకోవాలి.

నవలకు ఏడు వాకిళ్ళు చూపించాను. నవ అంటే తొమ్మిది కూడా కదా, ఆ తలుపును నేను ముట్టుకోలేదు. అది మీకోసమే ఉంచాను, తీసి చూడండి!