తెగపెద్ద కొడుకు

మా అక్క కూతురు ఐదో తరగతి. మొన్న దాన్ని పరీక్షకి చదివిస్తున్నాను. "సర్పంచ్ పదవీకాలం ఎంత?" "ఐదేళ్లు." "ఆ తర్వాత?" ఇది పుస్తకంలో లేని ప్రశ్న, సరదాకి అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాళ్లబ్బాయి, మావయ్యా."

నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ పిల్లకి రెండు ప్రభుత్వాలు తెలుసు. ఒకటి పరీక్షలో రాయాల్సింది, ఇంకోటి ఫ్లెక్సీల మీద కనబడేది. ఈ రెండూ పాఠంలో ఎప్పుడూ ఎదురుపడవు. సర్పంచ్‌కి 21 నిండాలి, రాష్ట్రపతికి 35 నిండాలి అని బట్టీ పట్టిస్తాం. అసలు మనుషులకి ఒక పెద్ద ఎందుకు కావాల్సొచ్చాడో మాత్రం చెప్పం.

ఆ రాత్రి నెహ్రూ 'లెటర్స్ ఫ్రమ్ ఎ ఫాదర్ టు హిజ్ డాటర్' మళ్లీ తీశాను. 1928 వేసవిలో ముస్సోరీలో ఉన్న పదేళ్ల ఇందిరకి రాసిన ఉత్తరాలు. 1929లో పుస్తకంగా వచ్చాయి, హిందీలోకి ప్రేమ్‌చంద్ అనువదించాడు. అందరూ మెచ్చుకునేది మొదట్లో వచ్చే ప్రకృతి ఉత్తరాలని, ముఖ్యంగా ఒక గులకరాయిని పుస్తకంలా చదవడం నేర్పే భాగాన్ని. అది బావుంటుంది, కాదనను. నాకు మాత్రం పుస్తకానికి ఆయువుపట్టు మధ్యలో, తెగపెద్ద గురించిన రెండు ఉత్తరాల్లో ఉందనిపిస్తుంది.

అక్కడ రాజు ఆకాశం నుంచి ఊడిపడడు. వ్యవసాయం వచ్చాక రకరకాల పనులు పుట్టుకొచ్చాయి, వాటిని పంచిపెట్టేవాడు అవసరమయ్యాడు. వయసులో పెద్దవాణ్ని పెట్టుకున్నారు. సొత్తంతా తెగది. అతనికీ అందరితో సమానంగా ఒక వాటా, అంతే. కాపలా కాస్తూ కాస్తూ అదంతా తనదే అనుకోవడం మొదలుపెట్టాడు. అతను పోతే తెగ ఇంకొకర్ని ఎంచుకునేది. కానీ పని తెలిసినవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు కదా అని ఆ ఇంటివాణ్నే ఎంచుకుంటూ పోయింది. పోనుపోను అది హక్కయింది, తెగపెద్ద రాజయ్యాడు. ఇంతే కథ. ప్రభుత్వం మనుషులు తమ అవసరానికి చేసుకున్న ఏర్పాటనీ, అది వాళ్ల చెయ్యిదాటిపోయిందనీ పదేళ్ల పిల్లకి అర్థమయ్యేలా ఇంత తక్కువ మాటల్లో చెప్పిన పాఠం నేను బళ్లో చదవలేదు.

ఇక్కడ ఎవరికైనా నోరు ఊరుకోదు. 1928 డిసెంబరులో కాంగ్రెస్ అధ్యక్షుడు మోతీలాల్. మరుసటేడు లాహోర్‌లో జవహర్‌లాల్. 1959లో, ఉత్తరాలు అందుకున్న ఆ అమ్మాయి. దీన్ని పట్టుకుని ఒకప్పుడు నేనూ వెక్కిరించాను. ఇప్పుడు చదివితే మాత్రం, ఆ ఉత్తరం రాసినవాణ్ని కూడా వదల్లేదనిపిస్తోంది. పని తెలిసినవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారన్న వాదనకి వయసైపోలేదు. రాసినాయన రేపు ఏమవుతాడో చూసి పాఠం తన మాట మార్చుకోలేదు.

నా అసలు పేచీ వేరే. గులకరాయి దగ్గర నెహ్రూ ఆధారం చూపిస్తాడు: నున్నగా ఉంది కాబట్టి నీళ్లలో దొర్లింది అని. తెగపెద్ద దగ్గరకొచ్చేసరికి ఆధారం మాయమవుతుంది. అది ఒక ఊహ. కానీ కళ్లారా చూసినట్టు చెప్తాడు. ఆర్యులు, ద్రావిడుల సంగతీ అంతే. మనుషులంతా అనాగరికం నుంచి నాగరికతకి ఒకే మెట్లవరస ఎక్కినట్టుంటుంది. రాయిని అనుమానించడం నేర్పినాయన నాన్న మాటని అనుమానించడం నేర్పలేదు.

2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరో తరగతి సాంఘికశాస్త్రం దాదాపు ఈ వరసే పట్టింది. ముందు ఒక తెగ నిర్ణయాలెలా తీసుకుంటుందో చెప్పి, తర్వాత రాజ్యాలూ గణతంత్రాలూ, ఆ తర్వాతే ప్రజాస్వామ్యం, పంచాయతీ. మంచి పుస్తకం. గైడ్లు దాన్ని కూడా ఒక మార్కు ప్రశ్నలుగా పిండేశాయనుకోండి.

ఆదివారం ఆ రెండు ఉత్తరాలూ తెలుగులో చెప్తూ మా పిల్లకి చదివాను. మధ్యలో ఆపింది.

"మరి వాళ్లబ్బాయి వద్దని ఎవరూ అనలేదా?"

పుస్తకంలో ఉన్నవి నాన్న ఉత్తరాలే. కూతురి జవాబులు లేవు. ఇందిర ఏం అడిగిందో, అసలు అడిగిందో లేదో అందులో దొరకదు. "అని ఉంటారే," అన్నాను. "ఎలా తెలుసు?" అంది.