పట్టీ ఆఖర్న

బండి వెనక కూర్చుంటోందంటే మా హనుమంతునిపాడు వైపు అందరూ చెప్పేది ఒకటే: కమాన్ కట్టలో (లీఫ్ స్ప్రింగులో) ఇంకో పట్టీ వేయించు. జీపైనా, ట్రాలీ అయినా, తాతలనాటి అంబాసిడరైనా అదే మాట. ఈ అలవాటు ఊరికే రాలేదు. కనిగిరి, పొదిలి వేలం కేంద్రాలకు పొగాకు బేళ్లు తోలిన ప్రాంతం, మార్కాపురం పలకలు లారీలకెత్తిన ప్రాంతం. బరువు మోస్తేనే బండి అనుకునే చోట కట్ట ఎంత మందంగా ఉంటే అంత గొప్ప.

ఇప్పుడు అంబాసిడర్‌ని ముచ్చటపడి ఉంచుకున్నవాళ్లం అందులో బేళ్లు వేయం. నలుగురం కూర్చుని శ్రీశైలం పోతాం, లేదంటే గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల పోతాం. దోర్నాల దాటాక ఆ ఘాట్ మలుపుల్లో కావలసింది బరువు మోసే సత్తువ కాదు, రోడ్డును వదలని టైరు.

అమెరికా వాళ్ల మజిల్ కార్లకూ ఇదే చిక్కు. 1960లలో పెద్ద పెద్ద ఇంజన్లు పెట్టి, నేరుగా పోతే ఎదురులేని బండ్లు చేశారు. మలుపు వచ్చేసరికి తడబాటే. 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌కి కూడా వెనక మన అంబాసిడర్ లాగే ఒకటే గట్టి ఇరుసు హౌసింగ్, దాని కింద రెండు కమాన్ కట్టలు. మరుసటి ఏడు కారల్ షెల్బీ తన జీటీ 350 కోసం ఆ కారుకు ముందువైపు పై ఆర్మ్ బిగించే చోటును ఒక్క అంగుళం కిందికి దించాడు. దాంతో బండి ఒరిగినా బయటి టైరు అంచు మీదికి లేవకుండా వెడల్పంతా రోడ్డుకు ఆనుతుంది. పాత మస్టాంగ్ ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ కొత్త రంధ్రాలు కొట్టించుకుంటూనే ఉన్నారు. అక్కడ ఎవరూ కట్ట మందం పెంచి మలుపు గెలవలేదు.

మన అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే దాకా తయారైంది. ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. ఇలాంటి బండికి వెనక ఒక పట్టీ ఎక్కిస్తే ఏమవుతుందో చూడండి. వెనక లేస్తుంది, ముందు వంగుతుంది. దాంతో ముందు చక్రాల కాస్టర్ కోణం, అంటే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన వాలు, తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుకు రాదు; వేగం మీద బండి అటూ ఇటూ లాగుతుంది. ఇక ఖాళీ బండిలో గట్టి కట్ట గుంట తగిలినప్పుడల్లా చక్రాన్ని ఎగరేస్తుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు.

కనిగిరిలో నేను బండి చూపించే మిస్త్రీ ముందుగా కట్ట జోలికే పోడు. కట్ట కొనను బండికి తగిలించే షాకిల్ దగ్గర లీవర్ రాడ్డు పెట్టి ఒక్క తోపు తోస్తాడు. బుష్షు పోయి ఉంటే రబ్బరు నల్లపొడిగా రాలుతుంది, ఇనుము ఇనుముకు కొట్టుకుని టక్కుమంటుంది. "అన్నా, బండి కూర్చోలేదు, వదులైంది" అంటాడు. ఆ వదులు మలుపులో హౌసింగ్‌నే పక్కకు జరుపుతుంది. స్టీరింగ్ మనం తిప్పుతుంటే, బండి వెనక నుంచి ఇంకోలా తిరుగుతుంటుంది.

కట్ట విప్పాల్సి వస్తే అసలు సంగతి అప్పుడు కనిపిస్తుంది. కింది పట్టీ కొన ఏళ్ల తరబడి రాసుకుని పై పట్టీ అడుగున గంటు పెట్టి ఉంటుంది. పగులు మొదలయ్యేది అక్కడే. తుప్పు గోకి, గ్రాఫైట్ గ్రీజు పూసి, కొత్త సెంటర్ బోల్టు వేసి బిగిస్తే సగం బిగుసుతనం పోతుంది. సెంటర్ బోల్టు తెగిన బండి రోడ్డు మీద ఏటవాలుగా నడుస్తుంది కాబట్టి అక్కడ పిసినారితనం పనికిరాదు. బుష్షు బోల్టుల్ని మాత్రం మా మిస్త్రీ జాకీ మీద పూర్తిగా బిగించడు. బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలి తిరిగే ఉంటుంది, తొందరగా చిరిగిపోతుంది.

తర్వాత షాకబ్జర్లు. ఊపి వదిలిన ఉయ్యాల వెంటనే ఆగదు, స్ప్రింగూ అంతే. ఆ ఊపును వేడిగా మార్చి చంపేది షాకబ్జరే. బంపర్ నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలిస్తే మంచిది, రెండు మూడుసార్లు ఊగిందంటే మార్చాల్సిందే. ఆపైన రేడియల్ టైర్లు, సరైన గాలి, చివరగా అలైన్‌మెంటు. అరిగిన బుష్షుల మీద అలైన్‌మెంటు చేయిస్తే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే. టార్షన్ బార్ ఎత్తు సరిచేసేదుంటే అలైన్‌మెంటుకు ముందే కావాలి.

చట్టం సంగతీ గుర్తుండాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు గానీ, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. పాత బండిని దాని కొలతలకు తిరిగి తేవడానికి ఇవేవీ అడ్డు రావు.

కాబట్టి పాత బండి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదీ. ముందు బుష్షులు, తర్వాత షాకబ్జర్లు, ఆపైన టైర్లు, అలైన్‌మెంటు. ఇవన్నీ అయ్యాక ఒకసారి ఘాట్ ఎక్కి దిగి చూడండి. అప్పటికీ వెనక కూర్చుంటోందనిపిస్తే, పట్టీ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.