తెగాల్సిన చోట తెగాలి

"కాలు తియ్యి మామయ్యా!" అని మా మేనల్లుడు అరిచేసరికే నేను స్విచ్ మీద నుంచి కాలు తీసేశాను. మోటారు మాత్రం ఆగలేదు. స్టార్టర్ సోలినాయిడ్‌లో రాగి బిళ్లలు వేడికి కరిగి అతుక్కుపోయాయని తర్వాత విప్పి చూస్తే తెలిసింది. తాడు చుట్టుకుంటూనే ఉంది. పైన గ్లైడర్ రెక్క విల్లులా వంగి, నడిమధ్యన ఫట్‌మని విరిగింది. ఇద్దరం నాలుగు నెలలు కూర్చుని బాల్సా చెక్కతో చేసిన రెండున్నర మీటర్ల రెక్క ఎండిన చెరువులో ముక్కలై పడింది. నాలుగేళ్ల కిందటి మాట ఇది.

ఇంజిను లేని విమానానికి మొదటి ఎత్తు నేల మీదివాళ్లే ఇవ్వాలి. తాడు కొసన ఉన్నంతసేపు గ్లైడరూ గాలిపటమే. పైకి చేరాక తాడు వదిలేసి సొంతంగా బతకాలి, అంతే తేడా.

మాది రేడియో కంట్రోల్‌తో నడిచే మోడల్ గ్లైడర్. దాన్ని లాగడానికి ఎఫ్‌3బి అనే మోడల్ గ్లైడర్ల పోటీల్లో వాడే పద్ధతినే పెట్టుకున్నాం. కారు స్టార్టర్ మోటారు, 12 వోల్టుల బ్యాటరీ, మోటారు ఇరుసుకు డ్రమ్ము, 200 మీటర్ల అవతల నేలలో దిగ్గొట్టిన గిలక. డ్రమ్ము నుంచి బయల్దేరిన నైలాన్ తాడు గిలక చుట్టూ తిరిగి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. ఆ కొసకు చిన్న గుడ్డ గొడుగు, దాని ముందు రింగు, ఆ రింగు గ్లైడర్ పొట్ట కింది కొక్కేనికి. కాలితో స్విచ్ నొక్కితే గ్లైడర్ చేతిలోంచి దూకి నిటారుగా లేస్తుంది. గిలక నెత్తిమీదికి చేరుతుండగా ముక్కు కాస్త దించితే రింగు జారిపోతుంది. గొడుగు విచ్చుకుని తాడును మెల్లగా దింపుతుంది. లాగేవాడూ ఎగరేసేవాడూ ఒక్కడే కావచ్చు. నాకు నచ్చింది అదే.

మోటారు విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను కొట్లో దొరికింది, ఏదో పాత అంబాసిడర్‌ది. స్టార్టర్ మోటారుకు ఒక మంచి గుణం ఉంది: బరువు పడేకొద్దీ వేగం తగ్గి, లాగే బలం పెరుగుతుంది. గ్లైడర్‌కు కావలసిందీ అదే. కానీ తాడు ఇరుసును పక్కకు గుంజుతుంది. ఆ గుంజుడుకు మోటారు బుష్‌లు ఆగవు. ఇరుసు రెండో కొసకు విడిగా బేరింగు పెట్టాలి.

డ్రమ్మును మొదట టేకుతో చేయించాలనుకున్నాను. "చెక్క ఆగదు సార్, ఇనుము వేసుకోండి" అన్నాడు లేత్ మిస్త్రీ. నేను వినలేదు. నైలాన్ సాగుతుంది. సాగి చుట్టుకున్న ప్రతి చుట్టూ తిరిగి కురచ కావాలని డ్రమ్మును నొక్కుతుంది. అలాంటి చుట్లు వందలు. మూడో వారానికి టేకు నిలువునా పగిలింది. ఆయనే ఇనప గొట్టం కోసి, రెండు పక్కలా మందపాటి బిళ్లలు వెల్డింగ్ చేసిచ్చాడు. లాగుడుకు డ్రమ్ము వెనక్కి తిరగకుండా సైకిల్ ఫ్రీవీల్ బిగించడం కూడా ఆయన ఆలోచనే.

ఇక గిలక. తాడు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ గుంజుతుంది కాబట్టి దాన్ని పట్టుకున్న గునపం మీద రెట్టింపు బరువు పడుతుంది. ఆ గునపం దిగ్గొట్టడానికి ఖాళీ నేలా దొరకాలి. మా కృష్ణా డెల్టాలో వరి కోశాక పొలం ఖాళీగా ఉండదు, మినుము ఉంటుంది. మినుము తీశాక చూసినా 200 మీటర్లలో ఎన్ని గట్లో! అందుకే ఎండిన చెరువుకు వెళ్తాం. అక్కడి నల్లమట్టి వేసవికి నెర్రెలు విచ్చి, గట్టిగా దిగిందనుకున్న గునపాన్ని వదిలేస్తుంది. ఊడిన ఇనుము మనవైపే దూసుకొస్తుంది. ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి రెండు గునపాలు, వెనక్కి వాల్చి దిగ్గొట్టి, గొలుసుతో కలుపుతున్నాం.

రెక్క విరిగాక నెల రోజులు ఆ మోటారు జోలికి పోలేదు. మనుషులెక్కే గ్లైడర్లను వించ్‌తో, అంటే తాడు చుట్టే యంత్రంతో, ఎలా లాగుతారో ఆ నెలంతా చదివాను. కిలోమీటరు తాడుతో నిమిషం తిరగకుండా మూడు వందల మీటర్లకు పైగా ఎక్కిస్తారు. తాడు కొసన వీక్ లింక్ అని చిన్న ఉక్కు బిళ్ల ఉంటుంది. ఏ గ్లైడర్‌కు ఎంత లాగుడు దగ్గర తెగాలో ముందే లెక్కగట్టి దానికి రంగు వేస్తారు. జర్మనీలోని టోస్ట్ కంపెనీ బిళ్లల్లో నల్లది సుమారు 1000 కిలోల దగ్గర తెగుతుంది, నీలం 600, తెలుపు 500. అది కాక పైలట్ చేతికి అందేలా తాడు వదిలే పసుపు పిడి. పైలట్ లాగలేకపోయి గ్లైడర్ వించ్‌ను దాటిపోతే, వెనక్కి పడే లాగుడుకు కొక్కెం దానంతటదే విడుస్తుంది. అదీ పట్టేస్తే వించ్ దగ్గర తాడును నరికే కత్తి. ఇన్ని ఏర్పాట్లూ వదలడానికే. నేను కట్టినదాంట్లో ఆ రింగు తప్ప వదిలే ఏర్పాటు ఒక్కటీ లేదు.

ఆ నెలలోనే పెర్సీ పిల్చర్ కథ కూడా చదివాను. ఆయన 1899లో ఇంగ్లండులో గుర్రాలతో తాడు లాగించి 'హాక్' అనే తన గ్లైడర్‌లో లేచాడు. తోక దగ్గరి కర్ర విరిగి కిందపడ్డాడు. రెండు రోజుల తర్వాత కన్నుమూశాడు. ఇంజినుతో ఎగరడానికి మూడంతస్తుల రెక్కల విమానం ఆయన అప్పటికే కట్టుకుని ఉన్నాడు. ఆ కథ చదివాక నాకు నిద్ర పట్టలేదు. ముందు ఏది విరగాలో మనం నిర్ణయించకపోతే బరువే నిర్ణయిస్తుంది.

కొత్త రెక్క కట్టాక దాన్ని తిరగేసి, మధ్యలో ఆనించి, పొడవునా ఇసుక సంచులు పేర్చాం. పాతిక కిలోలకు కిర్రుమనకుండా మోసింది. తర్వాత వీక్ లింక్ కోసం దూలానికి దారం కట్టి, బకెట్ వేలాడదీసి, తెగేదాకా ఇసుక పోశాం. ముడితో సహా పరీక్షించాలి, ఎందుకంటే నైలాన్ ముడి దగ్గరే తెగుతుంది. పదిహేను కిలోల దగ్గర తెగిన దారాన్ని ఎంచుకుని, గొడుగుకూ రింగుకూ మధ్య మూరెడు కట్టాం. బ్యాటరీ తీగలో ఒక్క గుంజుకు ఊడొచ్చే ప్లగ్గు పెట్టాం. దానికి కట్టిన ఎర్రతాడు ఎగిరినంతసేపూ మేనల్లుడి చేతిలో ఉంటుంది.

ఈ వేసవిలో ఆ దారం మూడుసార్లు తెగింది. రెక్క అదే ఉంది. ఇలాంటిది కట్టాలనుకునే పిల్లలు ఎవరైనా ఉంటే, ముందు ఆ ప్లగ్గు కొనుక్కోండి. మోటారు తర్వాత కొనచ్చు.