తలకిందుల తపస్సు

ఇంటీరియర్ పని నడుస్తున్న ఫ్లాట్‌లోకి ఎప్పుడైనా తొంగి చూడండి. హాలు మధ్యలో ప్లైవుడ్ బల్ల ఒకటి ఉంటుంది. దాని కింద కటింగ్ మిషను తలకిందులుగా బిగించి ఉంటుంది. పైన సన్నటి చీలికలోంచి బ్లేడు లేచి గిర్రున తిరుగుతుంటుంది. కంపెనీ రంపపు బల్ల కొనాలంటే బోలెడు డబ్బు, మోసుకు తిరగాలంటే ఆటో ట్రాలీ. మన వడ్రంగులు ఆ రెండూ లేకుండా ఒక్క పూటలో తయారుచేసుకుంటారు. పని ముగిశాక ఆ ప్లైవుడ్డే ఏ వార్డ్‌రోబ్ అడుగునో అరగా మారిపోతుంది. ఆ ఒడుపు చూస్తే ముచ్చటేస్తుంది. గార్డు లేని ఆ బ్లేడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ బల్ల ప్రతి సైటులోనూ కనిపిస్తుంది గానీ, అదే కోవకు చెందిన రౌటర్ టేబుల్ మన దగ్గర ఇంకా అరుదే. కారణం ఊహించడం కష్టం కాదు. కంప్యూటరుతో నడిచే యంత్రం మీద నగిషీ చెక్కిచ్చే సీఎన్‌సీ షాపులు ఊరూరా వచ్చాయి. సింహద్వారం మీద గజలక్ష్మి కావాలంటే బొమ్మ ఎంచుకుని, తలుపు అప్పజెప్పి వస్తే సరి. బీడింగ్ పట్టీలు కట్టలుగా దొరుకుతాయి. ఇక చేతి రౌటర్‌కు, దానికంటే చిన్నదైన ట్రిమ్మర్‌కు మిగిలింది సన్‌మైకా అంచులు కొట్టే పని. ఇంత శక్తి ఉన్న పనిముట్టును ఆ ఒక్క పనికే పరిమితం చేయడం నాకు నచ్చదు.

నేను చెబుతున్నది వైఫై డబ్బా గురించి కాదని ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. రౌటర్ అంటే నిలువుగా నిలబెట్టిన మోటారు. దాని కొసన కొల్లెట్ అనే బిగింపు, ఆ బిగింపులో బిట్. నిమిషానికి పదివేల నుంచి ముప్పైవేల చుట్ల దాకా తిరుగుతుంది. అంచు గుండ్రం చేయాలన్నా, గాడి తీయాలన్నా, పట్టీకి నగిషీ దింపాలన్నా బిట్ మారిస్తే చాలు. ఒకప్పుడు వడ్రంగి సంచిలో ఇలాంటి ఒక్కో ఆకృతికీ ఒక్కో తోపడ ఉండేది.

చేత్తో పట్టుకుని వాడమని తయారుచేసిన ఈ యంత్రాన్ని బల్ల కింద వేలాడదీయడం ఎందుకు? ఫొటో ఫ్రేము పట్టీ ఒకటి తీసుకోండి. వెడల్పు 20 మిల్లీమీటర్లు. రౌటర్ అడుగు దానికి ఏడెనిమిది రెట్లు వెడల్పు. అంత సన్నటి పట్టీ మీద ఆ బరువు నిలవదు, అటో ఇటో ఒరిగిపోతుంది. అదే రౌటర్‌ను తలకిందులుగా బిగించేస్తే యంత్రం కదలదు, పట్టీ కదులుతుంది. రెండు చేతులూ చెక్కను నడిపించడానికి దొరుకుతాయి. బరువూ ఒరుగుడూ అనే గొడవే ఉండదు.

అయితే బల్ల చేయడం మొదలెట్టిన ప్రతివాడూ ముందు మురిసేది సొరుగుల గురించి, అల్యూమినియం ట్రాకుల గురించి, చక్రాల గురించి. నా మటుకు నాకు అవన్నీ పెళ్ళివారి హంగులు. రౌటర్ టేబుల్‌కు ప్రాణం రెండే చోట్ల ఉంది. ఒకటి, రౌటర్‌ను మోసే పలక బల్లలో ఎంత చదునుగా కూర్చుందన్నది. రెండు, స్విచ్. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతాదంతా పాత ఫ్లష్ డోరు ముక్క, రెండు స్టూళ్ళతో అయినా గడిచిపోతుంది.

ముందు పలక సంగతి. బల్ల పైభాగం 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయినా, దానికి రెండు పొరలు అతికించినదైనా, రౌటర్‌ను నేరుగా దానికే బిగిస్తే బిట్ పొడవులో చాలాభాగం ఆ మందంలోనే మునిగిపోతుంది. పైకి వచ్చేది గోరంత. అందుకే మధ్యలో కన్నం కోసి, అందులో పల్చటి గట్టి పలకను దించి, రౌటర్‌ను దానికి వేలాడదీస్తారు. పెద్ద రౌటర్ బరువు ఐదారు కిలోలు. అది నెలల తరబడి అలాగే వేలాడుతుంది, పైగా అదురుతుంది. ఆరు మిల్లీమీటర్ల ఆక్రిలిక్ చూడ్డానికి అద్దంలా మెరుస్తుంది గానీ రాను రాను మధ్యలో కుంగుతుంది. అదే మందం అల్యూమినియం కుంగదు.

నా ఓటు మాత్రం పది మిల్లీమీటర్ల హైలం షీటుకే. పాత ఇళ్ళలో చెక్క స్విచ్‌బోర్డు డబ్బాల మీద స్విచ్చులు బిగించిన పలక గుర్తుందా? ఆ జాతిదే, కాస్త దళసరిది. కాగితాన్నో గుడ్డనో ఫినాలిక్ రెజిన్‌లో తడిపి, పొరలు పొరలుగా పేర్చి, వేడి మీద బలంగా నొక్కి చేస్తారు. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్ వంశం. అమెరికా దుకాణాల్లో రౌటర్ పలకలని ఖరీదుగా అమ్మే ఫినాలిక్ ప్లేట్లు ఇదే సరుకు. హైదరాబాద్ సనత్‌నగర్‌లో బేకలైట్ హైలం కర్మాగారమే నడిచింది, మనకిది పరాయి వస్తువేం కాదు. ఎలక్ట్రికల్ ఇన్సులేషన్ సామాను అమ్మే షాపులో అడిగి చూడండి.

పలకకు కన్నాలు వేయడానికి కొలతలు తీసుకోనక్కర్లేదు. రౌటర్ అడుగున ఉన్న నల్లటి ప్లాస్టిక్ చక్రాన్ని విప్పి, దాన్ని డబుల్ సైడ్ టేపుతో పలక మధ్యలో అతికించి, ఆ కన్నాల్లోంచే డ్రిల్లు దించాలి. కంపెనీవాడు వేసిన కన్నాలకంటే మన టేపు కొలత గొప్పదేం కాదు. పలక మందం పెరిగింది కాబట్టి పాత స్క్రూలు అందవు, పొడవైనవి కొనాలి. వాటి తలలు పలకలో పూర్తిగా మునిగేలా కన్నం నోరు వెడల్పు చేయాలి. ఒక్క తల వెంట్రుకవాసి పైకి తేలినా చెక్క వచ్చి దానికే తగులుతుంది.

ఇక పలక కూర్చునే గూడు. గీత గీసి జిగ్‌సాతో కోసేస్తే గూడు వదులవుతుంది. నాకు నచ్చిన పద్ధతిలో పలకను బల్ల మీద పెట్టి, దాని నాలుగు పక్కలా తిన్నటి ప్లైవుడ్ పట్టీలను ఆనించి క్లాంపులతో బిగిస్తారు. పలకను పైకి తీసేస్తే దాని ఆకారంలో ఒక చట్రం మిగులుతుంది. ఇప్పుడు రౌటర్‌కే బేరింగ్ ఉన్న బిట్ వేసి, ఆ బేరింగ్‌ను చట్రం వెంట పోనిస్తూ పలక మందంకంటే కాస్త ఎక్కువ లోతు తీయాలి, ఒక్కసారిగా కాదు, మూడేసి మిల్లీమీటర్ల చొప్పున. మూలలు బిట్ గుండ్రానికి తగ్గట్టు వస్తాయి. పలక మూలలను ఆకురాయితో ఆ గుండ్రానికే రాకాలి. తర్వాత అంచున వేలెడు మెట్టు వదిలి లోపలి భాగాన్ని జిగ్‌సాతో కోసి తీసేయాలి. తాను కూర్చోబోయే పీటను తానే చెక్కుకునే యంత్రం ఇదొక్కటేనేమో.

గూడు లోతు పలక మందంకంటే ఒక మిల్లీమీటరు ఎక్కువే తీయమంటాను. ఆ మెట్టు మీద చుట్టూ ఎనిమిది చిన్న స్క్రూలు దించి, వాటి తలల మీద పలకను ఆనించాలి. ఏ మూల పల్లమైతే ఆ మూల స్క్రూను పావు చుట్టు విప్పడం, ఎత్తయితే బిగించడం. చెక్క ఎండకాలం ఒకలా, వానాకాలం ఒకలా ఉంటుంది. అప్పుడప్పుడూ సరిచేసుకునే వీలుండాలి.

మా ఇంటికి తలుపులు సరిచేయడానికి వచ్చిన మేస్త్రి నేను పలక మీద స్టీలు స్కేలు నిలబెట్టి, వెనక టార్చి వేసి, కింద వెలుతురు కనిపిస్తోందా లేదా అని చూడడం గమనించి నవ్వాడు.

"ఇంత చదునెందుకు సార్? చేసేది చెక్కపనే గదా, కళ్ళద్దాలు కాదుగా!"

"నువ్వే చూడు మేస్త్రీ," అని స్కేలు చాచాను. ఆయన అది అందుకోలేదు. బొటనవేలి గోటిని బల్ల మీంచి పలక మీదికి మెల్లగా జరిపాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి తీసుకుని మళ్ళీ జరిపాడు.

"ఇదుగో సార్, ఈ మూల పట్టుకుంటోంది. ఇక్కడ ఎత్తుగా ఉంది."

టార్చి వెలుతురులో నాకు కనపడనిది ఆయన గోటికి దొరికింది. కాగితం మందమంత మెట్టు. దానితో వచ్చే నష్టం ఏమిటో ఆయనకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. పట్టీ సాఫీగా సాగుతూ వచ్చి ఆ మెట్టు దగ్గర అరక్షణం ఆగుతుంది. చెక్క ఆగినా బిట్ ఆగదుగా. అక్కడే రాసుకుంటుంది, టేకు మీద అడ్డంగా నల్లటి కాలిన చార పడుతుంది. వెనకే కమురు వాసన. ఆ చారను సాండ్‌పేపర్‌తో పోగొట్టడానికి పట్టే సమయం మొత్తం పట్టీ తీయడానికి పట్టదు. పలక మధ్యలో కుంగితే ఇంకో తంటా. పొడుగు చెక్క ఆ పల్లం మీంచి వంతెనలా దాటేస్తుంది, గాడి లోతు తగ్గుతుంది. పొట్టి ముక్క పల్లంలోకి దిగుతుంది, లోతు పెరుగుతుంది. ఒకే అమరికకు రెండు లోతులు. అందుకే కుంగడంకంటే మధ్యలో రవ్వంత ఉబ్బు ఉండడమే మేలంటారు.

బల్ల పైభాగానికి సన్‌మైకా అతికించేవారు కింది వైపు కూడా అతికించాలి. ఒకే వైపు వేస్తే తేమకు బల్ల వంగిపోతుంది.

చెక్కను ఆనించి నడిపించే అడ్డుపట్టీ, అంటే ఫెన్సు గురించి అంత బెంగ అక్కర్లేదు. రంపపు బల్లలో ఫెన్సు బ్లేడుకు సమాంతరంగా ఉండాలి. ఇక్కడ బిట్ గుండ్రం, దానికి సమాంతరమంటూ ఏమీ లేదు, దూరమే ముఖ్యం. తిన్నటి చెక్కను ఒక కొసన బోల్టుతో బిగించి, రెండో కొసను క్లాంపుతో పట్టినా సరిపోతుంది. ఇందులో ఓ చిన్న సుఖం కూడా ఉంది. బిట్ ఆ చెక్కకు మధ్యలో ఉంటే, కొసను ఒక మిల్లీమీటరు జరిపినప్పుడు బిట్ దగ్గర అర మిల్లీమీటరే జరుగుతుంది. మూలమట్టంతో ఫెన్సు బల్లకు నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

చెక్కను ఎటునుంచి ఎటు తోయాలన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. రౌటర్ తలకిందులైంది కాబట్టి పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. బల్ల ముందు నిలబడి కుడినుంచి ఎడమకు తోస్తే చెక్క బిట్‌కు ఎదురుగా పోతుంది, మన చేతికి ఆ నిరోధం తెలుస్తుంది. ఎడమనుంచి కుడికి తోశారా, బిట్ చెక్కను లాక్కుపోతుంది, చెయ్యి దాని వెనకే పోతుంది. చెక్కను బిట్‌కూ ఫెన్సుకూ మధ్య ఇరికించడం అంతకంటే ప్రమాదం. రెండంగుళాల బిట్ 18 వేల చుట్లతో తిరిగితే దాని అంచు వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటుతుంది. పెద్ద బిట్లకు వేగం తగ్గించమనేది ఇందుకే. వేగం మార్చే వీలు లేని చిన్న ట్రిమ్మర్లలో అలాంటి బిట్లు పెట్టకూడదనేదీ ఇందుకే.

ఇప్పుడు స్విచ్. రౌటర్ స్విచ్ బల్ల కింద ఎక్కడో ఉంటుంది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు వంగి వెతుక్కోవాలి. చాలామంది దాన్ని ఆన్‌లోనే లాక్ చేసి, బయట మామూలు ప్లగ్గు బోర్డు స్విచ్‌తో నడుపుతారు. ఇక్కడే మన దేశవాళీ చిక్కు ఒకటుంది. నడుస్తుండగా కరెంటు పోతుంది. అలవాటుకొద్దీ టీకి వెళ్తాం, లేదా ఎలాగూ ఆగింది కదా అని బిట్ పక్కన పేరుకున్న పొట్టును వేలితో దులుపుతాం. సరిగ్గా అప్పుడే కరెంటు వస్తుంది.

పొలం మోటార్ల కథ తెలిసినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. పంపుసెట్టు స్టార్టర్‌లో ఒక కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది పట్టు వదిలేస్తుంది, మళ్ళీ ఎవరో వెళ్ళి బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. అర్ధరాత్రి కరెంటు కోసం పొలానికి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు తగిలించుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, వాటిని తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పాల్సి వచ్చింది. రైతుకు మోటారు తనంతట తాను తిరగడం కావాల్సొచ్చింది. రౌటర్ ముందు నిలబడ్డవాడికి అది అస్సలు కాకూడదు. ఆ కాయిల్ సూత్రమే ఉన్న నో-వోల్ట్ స్విచ్‌లు చిన్న యంత్రాలకూ దొరుకుతాయి. పెద్ద ఎర్ర మూత ఉన్నది తీసుకుని, మోకాలితో నెట్టినా ఆగేంత ఎత్తులో బల్ల ముందు కాలుకు బిగించాలి. అల్యూమినియం ట్రాకులకు పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి.

దుమ్ము గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెక్కపొట్టు ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. రౌటర్ రాల్చేది రంపపు పొట్టులా బరకగా ఉండదు, పిండిలా ఉంటుంది, ఎండీఎఫ్ అయితే మరీనూ. ఫెన్సు వెనక ఒక కన్నం చేసి వాక్యూమ్ గొట్టం తగిలించండి. ముక్కుకు ఎన్95 మాస్కు, చెవులకు మఫ్‌లు కూడా. కింది ఫ్లాట్ వాళ్ళ చెవులకు మనం ఏమీ చేయలేం కాబట్టి మధ్యాహ్నం నిద్రవేళ పని పెట్టుకోకండి.

బల్ల చేసుకున్నవాళ్ళు, చేసుకోబోయేవాళ్ళు ఇంకొకటి అలవాటు చేసుకోవాలి. బిట్‌ను కొల్లెట్‌లోకి అడుగంటా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి, అప్పుడు బిగించండి. అడుగుకు తగిలేలా పెట్టి బిగిస్తే పట్టు సరిగ్గా కుదరక నడుస్తుండగా జారవచ్చు. ఇక బిట్ మార్చే ప్రతిసారీ స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గు పీకి, అది కంటికి కనపడేలా బల్ల మీద పెట్టుకుని అప్పుడు స్పానర్ పట్టుకోండి.