బొబ్బిలి కథలో లంచం ఉంది, జీతం లేదు

బొబ్బిలి కథ గురించి మన విమర్శలో రెండు మాటలు స్థిరపడిపోయాయి. అది తెలుగువాడి పౌరుషానికి ప్రతీక అన్నది ఒకటి. అది ఇద్దరు జమీందార్ల తగాదా, అందులో ప్రజలకు పనిలేదన్నది రెండవది. మొదటి మాట సన్మానసభల్లో వినిపిస్తుంది, రెండవది మనవాళ్ళ వ్యాసాల్లో. ఈ రెండు మాటలూ కథను ఒకేచోట వదిలేస్తున్నాయనిపిస్తుంది నాకు. 1757 జనవరి 24న ఆ మట్టికోట మీద ఫిరంగులు పేల్చింది బుస్సీ సైన్యం. విజయరామరాజు పగ దానికి దారి చూపింది, అంతవరకే. మరి ఆ సైన్యం అక్కడిదాకా ఎందుకు వచ్చింది? దాని బత్తెం ఎవరిచ్చేవారు? ఈ ప్రశ్న పౌరుషవాదులు ఎలాగూ అడగరు. వర్గదృష్టితో చూశామనుకునే మనమూ తగినంత గట్టిగా అడగలేదు.

జవాబు కథలో దొరకదు, చరిత్రలో వెతకాలి. 1751లో సలాబత్ జంగును దక్కను సుబేదారీ మీద కూర్చోబెట్టింది ఫ్రెంచి బలగం. ఆ బలగం అతని దగ్గరే మకాం వేసింది. దానికి నెలనెలా జీతాలు చెల్లించడం గగనమై, 1753లో అతను కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను బుస్సీకి రాసిచ్చాడు. మా కొత్తపేట ఉన్న కోనసీమ రాజమహేంద్రవరం సర్కారులోది. అంటే గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉన్న ఈ నేలమీద రైతు కట్టిన శిస్తు, ఎక్కడో ఔరంగాబాదులో నవాబు గద్దెకు కాపలా కాసే సైనికుడి జీతంగా లెక్కలకెక్కింది. ఇక్కడ ఒక్క తుపాకి పేలకముందే యుద్ధం ఖర్చు మాత్రం ఇక్కడి గాదెల్లోంచి పోయింది. 1756లో సలాబత్ జంగుతో బుస్సీకి తగవు వచ్చి, మళ్ళీ రాజీ కుదిరింది. ఆ వెంటనే అతను సర్కార్లలోకి దిగింది బకాయిలు రాబట్టుకోడానికి. బొబ్బిలి ఆ వసూలు ప్రయాణంలో ఒక మజిలీ.

ఈ సంగతి దృష్టిలో పెట్టుకొని కథను మళ్ళీ చదవండి. పెద్దాడ మల్లేశం పేరుతో వ్యాపించిన జంగం కథ కావచ్చు, దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర కావచ్చు, ఎన్టీ రామారావు రంగారావుగా, ఎస్వీ రంగారావు పాపారాయుడుగా నటించిన 1964 నాటి సినిమా కావచ్చు, ఈ సంప్రదాయం మొత్తానికీ ఇరుసు ఒక్కటే: ద్రోహం. విజయరామరాజు కుట్ర చేశాడు, దుబాసీ హైదర్ జంగు లంచం తిన్నాడు, బుస్సీ చెవి కొరికారు, ధర్మం ఓడింది. లంచం అనే మాటకు కథలో ఇంత బరువు ఎందుకు? లంచం తిన్నవాడుంటే తిననివాడు ఉండవచ్చు. హైదర్ జంగు స్థానంలో నీతిమంతుడైన దుబాసీ ఉంటే బొబ్బిలి బతికేదన్న ఊరట శ్రోతకు మిగులుతుంది. జీతం అనే మాట పెట్టగానే ఆ ఊరట పోతుంది. జీతం బకాయిపడ్డ సైన్యాన్ని వెంటబెట్టుకున్న సేనానికి దుబాసీ మంచివాడైనా చెడ్డవాడైనా డబ్బు కావాలి. పేష్కషు తెచ్చిపెట్టే జమీందారే అతనికి మిత్రుడు. కథకుడు ఆర్థిక సంబంధాన్ని నైతిక దోషంగా మార్చుకున్నాడు. అందుకు అతన్ని తప్పుపట్టను. పద్దెనిమిదో శతాబ్దపు గాయకుడికి అందుబాటులో ఉన్న సాధనాలు అవే. మనకూ అవే చాలనుకోవడం దగ్గరే నాకు పేచీ.

కోటలోపలివాళ్ళ సంగతీ ఉంది. వాళ్ళు మాత్రం ఉచితంగా పోరాడారా? లేదు. ఉత్తర సర్కార్లలో జమీందారు కొలువు చేసేవాళ్ళకు మొఖాసాలు, మాన్యాలు ఉండేవి. కొలువుకు ప్రతిఫలం భూమి. ఆ భూమిమీద ఇల్లుంది, ఆలుబిడ్డలున్నారు, కులం కట్టు ఉంది. కోట పోతే అవన్నీ పోతాయి. అందుకే చివరి గడియలో వాళ్ళు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొని కత్తులతో బయటికి వచ్చారు. ఇంగ్లీషు చరిత్రకారుడు ఆర్మ్ సైతం ఈ ఘట్టాన్ని విస్తరించి రాయక తప్పలేదు. దీన్ని తెలుగు రక్తంలోని గుణమనడం విమర్శ కాదు, భజన. ఆ స్త్రీలను ఎవరూ అడగలేదన్న మాటైనా మన సాహిత్యం ఇంతవరకు గట్టిగా అనలేదు. మల్లమ్మదేవిని దేవతను చేసి ఆ ప్రశ్న తప్పించుకున్నాం. కోట బయటున్న సిపాయికి అక్కడ భూమి లేదు, ఇల్లు లేదు. అతనికి తెలిసిన బంధం నెల తిరిగేసరికి చేతికందే రూకలు. లోపలివాడు చావడానికీ బయటివాడు బతకడానికీ పోరాడారంటే, ఆ తేడా గుండెధైర్యంలోది అనుకోను. ప్రతిఫలం భూమిగా వచ్చిందా నాణెంగా వచ్చిందా అన్నచోట ఉంది.

ఇక పాపారాయుడి బాకు. మూడునాళ్ళకు అతను డేరాలో దూరి విజయరామరాజును పొడిచేయడంతో కథ ముగుస్తుంది, శ్రోత తృప్తిగా ఇంటికి పోతాడు. చరిత్రలో అసలు కథ అక్కడే మొదలైంది. విజయరామరాజు తరవాత గద్దెనెక్కిన ఆనందగజపతికి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. 1758లో విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. బెంగాలు నుంచి క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు. ఒప్పందం వర్తకుల భాషలో ఉంది: సైన్యం ఖర్చుకింద రాజు నెలకు 50,000 రూపాయలివ్వాలి, అధికారుల భత్యం వేరు. తెలుగుదేశంలో ఒక రాజు కంపెనీ సైన్యాన్ని నెలవారీ అద్దెకు తెచ్చుకున్నాడన్నమాట. అద్దెకొచ్చినవాడు చివరికి ఇల్లు కాజేశాడు.

ఆ ఏడాది డిసెంబరులో పిఠాపురం, గొల్లప్రోలు ప్రాంతంలోని చందుర్తి దగ్గర రెండు సైన్యాలూ తలపడ్డాయి. ఫోర్డు వైపు సుమారు 500 మంది తెల్లవాళ్ళు, 2,000 మంది సిపాయిలు, రాజుగారి బలగం. కాన్‌ఫ్లాన్ వైపు ఇంచుమించు అంతమందే తెల్లవాళ్ళు, 6,000 మంది సిపాయిలు. ఫోర్డు తన సిపాయిలకు తెల్లసైనికుల మాదిరే ఎర్రకోట్లు తొడిగించాడు. ఇంగ్లీషు సిపాయిలను తెల్లబట్టల్లో చూడడానికి అలవాటుపడ్డ ఫ్రెంచివాళ్ళు, ఎర్రకోట్లవాళ్ళే తెల్లపటాలమనుకొని వాళ్ళమీదికి ఉరికారు. సిపాయిల వరుస చెదిరింది. గెలిచామన్న ఊపులో ఫ్రెంచివాళ్ళ వరుసా చెదిరింది. ఏపుగా ఎదిగిన చేను చాటున ఉన్న అసలు తెల్లపటాలం అప్పుడు పక్కనుంచి తిరిగి కాల్చింది. యుద్ధం తేలిపోయింది. సైనికశాస్త్రం చదివేవాళ్ళు దీన్ని ఎత్తుగడ అంటారు. ఆ ఎత్తుగడ ఎవరి వీపుమీద నడిచిందో చూడాలి. ఎర్రకోటు తొడుక్కున్న సిపాయి ఆ పొద్దున ఎరగా పనికొచ్చాడు.

తెలుగు కోస్తా ఎవరి పాలవుతుందో తేల్చడంలో బొబ్బిలికంటే చందుర్తికి పాత్ర ఎక్కువ. అక్కణ్ణుంచి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోవడం, 1765లో మొగలు ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందం వరసగా వచ్చాయి. అయినా చందుర్తి మీద పాట ఏదీ నా చెవినపడలేదు. సంక్రాంతికి మా కొత్తపేటలో ప్రభలు లేచే రోజుల్లో బుర్రకథలు ఎన్నో విన్నాను. నాజరు బాణీలో బొబ్బిలి చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టుకు కూర్చునేవాళ్ళు. చందుర్తి అంతకంటే దగ్గర ఊరు, ఒక పూట ప్రయాణం. దాని పేరెత్తిన కథకుణ్ణి చూడలేదు. కారణం మరపు కాదు, కథారూపంలోనే ఉంది. బుర్రకథకు వీరుడు కావాలి, వాడికో తల్లి, భార్య, శపథం, వెన్నుపోటు, చావు కావాలి. వంతకు ‘తందాన’ అనడానికి ఒక పేరు కావాలి. చందుర్తిలో పటాలాలున్నాయి, ఫిరంగులున్నాయి, జమాఖర్చులున్నాయి, పేరు లేదు. ఆధునిక యుద్ధం తెలుగు నేలమీద అడుగుపెట్టిన రోజునే మన వీరగాథ నోరు మూతపడింది. పల్నాటి చరిత్ర నుంచి వచ్చిన శిల్పం ఆ వస్తువును మోయలేకపోయింది.

పేరు లేదన్నాను గాని, సిపాయికి ఒక పేరుంది, అదీ మన పేరే. క్లైవు 1756లో మద్రాసు నుంచి బెంగాలుకు ఓడల్లో తీసుకుపోయిన దక్షిణాది సిపాయిలను అక్కడివాళ్ళు ‘తెలింగా’లన్నారు. ఉత్తరాదిన ‘తిలంగా’ అంటే క్రమేణా కంపెనీ పటాలపు సిపాయి అనే అర్థం స్థిరపడింది. బొబ్బిలి కాలిన ఏడే, జూన్‌లో, ప్లాసీలో ఆ తెలింగాలు క్లైవు పక్షాన నిలబడ్డారు. ఒకే సంవత్సరంలో తెలుగువాడి పేరు ఇక్కడ పౌరుషానికీ, అక్కడ కిరాయి తుపాకికీ మారుపేరయింది. మొదటిదాన్ని పాఠ్యపుస్తకాల్లో పెట్టుకున్నాం. రెండవది నిఘంటువుల్లో పడివుంది.

తరవాతి చరిత్ర అందరికీ తెలిసిందే గనక క్లుప్తంగా చెబుతాను. 1798లో నిజాము కంపెనీ సైన్యాన్ని శాశ్వతంగా పోషించడానికి ఒప్పుకున్నాడు. ఆ జీతాల కింద 1800లో దత్తమండలాలు ఇచ్చేశాడు. సర్కార్లతో మొదలైన పద్ధతే రాయలసీమకూ పాకింది.

పదహారో శతాబ్దంలోనే మాకియవెల్లి కిరాయి సైన్యాన్ని నమ్మవద్దని రాజుకు హితవు చెప్పాడు. మన పరిశోధకులు ఎవరో ఒకరు అతని మాట ఎత్తి తలూపుతుంటారు. అది రాజు గద్దె గురించిన భయం. కిరాయికి పోయినవాడి బతుకుతో మాకియవెల్లికి పనిలేదు. రచయితకు ఉండాలి. ఎందుకంటే ఈ వ్యాపారం పోలేదు. 1960లలో కాంగోలో కిరాయి దళాలు తిరిగాయి. 1989లో ఐక్యరాజ్యసమితి వాటిని నిషేధిస్తూ ఒడంబడిక చేసింది. 2007లో బాగ్దాదు నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు కంపెనీ మనుషులు 17 మంది పౌరులను కాల్చి చంపారు. 2023 జూన్‌లో వాగ్నర్ దళం తనను పోషించిన ప్రభుత్వం మీదికే తిరిగి మాస్కో దారి పట్టింది. ఇదంతా దూరదేశపు వార్త అనుకునేవాళ్ళకు 2024 మార్చిని గుర్తుచేస్తాను. సహాయకుడి ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి రష్యాకు పంపిన హైదరాబాదు యువకుడొకడు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడు. అదే నెలలో సీబీఐ ఆ ఏజెంట్ల ముఠా మీద కేసు పెట్టింది.

కోనసీమవాళ్ళకు ఏజెంటు ఎవరో చెప్పనక్కరలేదు. ఇక్కడినుంచి కువైటుకో మస్కటుకో పోయిన మనిషి లేని వీధి తక్కువ. 2003 తరవాత కువైటులో పని అని బయలుదేరిన భారతీయులు కొందరు ఇరాకులోని అమెరికా స్థావరాల వంటశాలల్లో తేలారు. తుపాకి పట్టకపోయినా వాళ్ళు ఆ యుద్ధంలో కూలీలే. నేను చదివిన గల్ఫు కథల్లో కన్నీరుంది, పాస్‌పోర్టు లాక్కున్న యజమాని ఉన్నాడు, మోసగాడైన ఏజెంటు ఉన్నాడు. వాటిలో మంచి కథలున్నాయి. కాని చాలా కథలు ఏజెంటు దగ్గర ఆగిపోతాయి. హైదర్ జంగు మళ్ళీ దొరికాడు, శ్రోత మళ్ళీ ఊరట పొందాడు. ఆ మనిషికి జీతమిచ్చే చెయ్యి ఏ లెక్కలోంచి ఇస్తోంది, ఆ లెక్క ఎవరి నేలమీద రాబట్టినది అన్నచోటికి కథ నడవదు.

జీతగాడు కథానాయకుడెలా అవుతాడని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నమ్మకం లేనివాడికి సంఘర్షణ ఉండదట. చరిత్ర అతని మాటను బలపరచడం లేదు. ఆనందగజపతి డబ్బు ఆలస్యం చేయడంతో ఫోర్డు వారాల తరబడి కదలలేకపోయాడు. 1759లో మచిలీపట్నం కోటముందు అతని తెల్లసైనికులే జీతంకోసం, కొల్లసొమ్ములో వాటాకోసం ఆయుధాలతో తిరగబడి వెళ్ళిపోతామన్నారు. వాగ్దానాలతో శాంతపరిచి, తరవాత వాళ్ళచేతే కోట పట్టించాడు. ఇది ఒక రకం. మరొక రకం 1780 అక్టోబరులో విశాఖపట్నంలో జరిగింది. హైదరలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు పొమ్మన్నారు అక్కడి సిపాయిలను. వాళ్ళు ఎక్కమన్నారు. రేవులోనే తుపాకులు తిప్పి కొందరు అధికారులను చంపారు. చనిపోయిన అధికారులకు విశాఖ పాత శ్మశానంలో స్మారకస్తంభం ఉంది. ఓడ ఎక్కమన్న ఆ సిపాయిల మీద తెలుగులో ఒక నాటకమైనా, నవలైనా నా కంటపడలేదు. బొబ్బిలి మీద మరో పద్యకావ్యానికి పూనుకున్న మిత్రుడొకరు మొన్న పీఠికకోసం అడిగితే, ముందు విశాఖ వెళ్ళి ఆ రేవు చూసి రమ్మని చెప్పాను.