చీర, గాజులు ఎవరికి అవమానం?

స్కాలర్‌షిప్పుల కోసం చేసిన ఒక ధర్నాలో, ఉలుకూ పలుకూ లేని అధికారి దగ్గరికి పళ్లెంలో చీర, గాజులు పెట్టుకొని పోయాం. ‘చేతగాకపోతే గాజులు తొడుక్కో’ అని గొంతులు పోయేలా అరిచాం. అంతకుముందు రాత్రంతా కూర్చొని మాకు కరపత్రం రాసిపెట్టిన హాస్టల్ తమ్ముడొకడు ఆ పళ్లెం చూసి వెనక్కి జరిగాడు. కళ్లకు సన్నగా కాటుక పెట్టుకునేవాడు. ‘అన్నా, అయి నాకు ఇష్టమైనయి. మీకేమో తిట్టు’ అన్నాడు తర్వాత. అప్పుడు జవాబు చెప్పలేకపోయాం.

మనకు బట్టలంటే ఒట్టి బట్టలు కావు. 1927 డిసెంబర్‌లో, మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన రోజుల్లోనే, కులాన్ని పట్టిచ్చే కట్టూ నగలూ మానుకొమ్మని అంబేద్కర్ దళిత స్త్రీలకు చెప్పాడు. ఆయన సూటు వాడవాడనా విగ్రహమై నిలబడింది. దొర వాకిట్లో చెప్పులు చేతబట్టుకొని నడిచిన తాతల మనవలం, ఇస్త్రీ చొక్కా విలువ మనకు తెలుసు. దాన్ని షోకు అన్నవాణ్ని ఊరుకోం. మరి తమ్ముడి కాటుక షోకు ఎట్లయింది?

బట్టల మీద పోలీసు కాపలా వాళ్లకూ ఉంది. సంచార తెగలను పుట్టు నేరస్థులన్న 1871 నాటి బ్రిటిష్ చట్టంలోనే రెండో భాగం హిజ్రాల మీద. అదే అచ్చులో నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టం వచ్చింది. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్లదాకా జైలు. దుస్తులు భావప్రకటనలో భాగమని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పినా, ఈ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. ఒకే చట్టం కింద నలిగినవాళ్లం, ఒకరినొకరం గుర్తుపట్టలేదు.

ఇక ఫ్యాషన్ పత్రికల సంగతి. ‘నీకు నచ్చింది వేసుకో, అదే నువ్వు’ అంటాయి. ఆరుగురు పడుకునే హాస్టల్ గదిలో అద్దం ఎవరిది? ఊరి బస్సు దిగేముందు కాటుక తుడుచుకునేవాడికి ఆ సలహా ఏం పనికొస్తుంది? డబ్బున్న అగ్రకులపు అబ్బాయి పట్టుచీర కడితే సాహసం, సిగ్నల్ దగ్గర హిజ్రా కడితే న్యూసెన్సు. చీరలో తేడా లేదు, కట్టిన ఒంటి కులంలో, కూడులో ఉంది.

అందుకని ఇదంతా పైకులాల పిచ్చి అని తోసేయడం కుదరదు. బోనాలనాడు చీరకట్టి పూనకమూగే శివసత్తుల్లో మగ పుట్టుక పుట్టినవాళ్లు లేరా? వాళ్లు మన వాడల్లోంచి వచ్చినవాళ్లు కారా? ఆ పూట కాళ్లు మొక్కి, తెల్లారి ‘ఆడంగి’ అని నవ్వేది మనమే. ఇంతకీ గాజులు తొడుక్కున్నవాళ్లు చేతగానివాళ్లా? గాజుల చేతులతో నాట్లేసి మనల్ని చదివించిన అమ్మలను ఏ లెక్కలో వేద్దాం?

ఈమధ్య ఇంకో ధర్నాకు మళ్లీ చీర కొనుక్కొచ్చారు. ‘జనానికి తొందరగా అర్థమయ్యేది ఇదే కదన్నా’ అని కొందరు. గంటసేపు తగువు. ఇద్దరు అలిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం పళ్లెంలో కట్టని మెస్ బిల్లులు పెట్టుకొని పోయాం.