కింది అంచు చూశావా?

క్షయ కోసం వెతికే కన్ను ముందు పైకే పోతుంది. సింగపూర్‌కు వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ల వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తీసేది ప్రధానంగా దానికోసమే. ఆ జబ్బు మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల పై కొనల్లో కనిపిస్తాయి. వరసగా ఫిల్ములు చదివే పూట, కొనలు శుభ్రంగా ఉంటే చెయ్యి తర్వాతి ఫిల్ము మీదికి పోతుంది. ఆ చేతిని ఆపడం మా పనిలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా అబ్బిన విద్య.

శిక్షణ రోజుల్లో ఒక సీనియర్ మేడమ్ ప్రతి ఫిల్ముకీ అదే అడిగేవారు: “కింది అంచు చూశావా?” ఛాతీకీ పొట్టకీ నడుమ గొడుగులా పరుచుకున్న కండర పొర, డయాఫ్రమ్, దాని గీత గురించి. ఒకప్పుడు ఛాతీలోకి ఎగబాకిన పేగును ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి అనుకుని, గొట్టం వెయ్యబోయి చివరి నిమిషంలో ఆగారట. దిగి ఉంటే పేగుకు చిల్లు పడేది.

ఆ మధ్య ఒక శ్రీకాకుళం కుర్రాడి ఫిల్ము వచ్చింది. పై కొనలు నిర్మలం. ఎడమ కింద మాత్రం ఆ గీత ఒకచోట మెత్తగా ఉబ్బి ఉంది. సీటీ తీస్తే, వెనక పక్కన చిన్న కంత, అందులోంచి పైకి వచ్చిన పొట్టలోని కొవ్వు. 1848లో ప్రాగ్ నగరపు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు బొక్డాలెక్ వర్ణించిన హెర్నియా. పుట్టిన బిడ్డలో పెద్దదైతే ఊపిరితిత్తులు సరిగా ఎదగవు, ప్రాణం మీదికి వస్తుంది. చిన్నదైతే ఇలా ఏ బాధా పెట్టకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలదు.

ఈ సంగతి అతనికి చెప్పడానికి తెలుగు వచ్చినవాళ్లు లేక నన్ను పిలిచారు. “ఇంటికి పంపించేత్తారేటి బాబూ?” అన్నాడు మొదట. క్షయ కాదు, అంటుకునేది కాదు, ఏం చెయ్యాలో సర్జన్ చూసి చెబుతారన్నాను. పుట్టుకతో వచ్చిందనగానే మొహం వాడిపోయింది.

“మాయమ్మకి చెప్తే తన వల్లే అనుకుంటాది.”

కాగితం తీసి గొడుగు గీశాను. కడుపులో బిడ్డకు రెండు నెలలు దాటే రోజుల్లో ఈ కంత మూసుకోవాలి. ఎందుకు మూసుకోదో చాలామందిలో కారణమే దొరకదు. అమ్మ తప్పేమీ లేదు.

“ఇంకోపాలి చెప్పండి బాబూ,” అని ఫోనులో రికార్డు నొక్కి, నా ముందు పెట్టాడు.